పాత బండి ధరలో పనివాడి వాటా

పాత బుల్లెట్టు నొకదాన్ని విప్పి, హ్యాండిలు కిందికి దించి, ఫుట్‌రెస్టులు వెనక్కు జరిపి, ఒక్కరు కూర్చునే సీటు బిగించి, "కేఫ్ రేసర్" అని పేరుపెట్టి అమ్మజూపితే దానికెంత ధర చెప్పాలి? ఇది షోకుగాళ్ల ప్రశ్న, మనకెందుకని కొట్టిపారెయ్యటానికి వీల్లేదు. ఫాక్టరీలో వేలకొద్దీ తయారయ్యే సరుకు ధర వెనక శ్రమ ఎట్లా దాగివుంటుందో మనం చదువుకున్నాం. ఒకే ఒక్కటిగా, ఇద్దరు ముగ్గురి చేతుల మీద తయారైన వస్తువు ధరలో ఆ శ్రమ ఏమవుతుంది? విజయవాడ, మంగళగిరి ఆటోనగర్లలో లేతు దగ్గరా, వెల్డింగు దగ్గరా నిలబడి బతికేవాళ్లకు యిది కూటి ప్రశ్న.

ముందు యీ బండి పుట్టుక చూద్దాం. లండన్‌లో నార్త్ సర్క్యులర్ రోడ్డుమీద ఏస్ కేఫ్ అనే కాఫీ హోటలు 1938లో లారీ డ్రైవర్లకోసం వెలిసింది. యుద్ధంలో బాంబు దెబ్బతిన్నది. 1949లో మళ్లీ లేచింది. రాత్రింబవళ్లు తెరిచివుండే ఆ హోటలు 1950లలో యువ కార్మికుల అడ్డా అయింది. గంటకు నూరు మైళ్లు, అంటే 160 కిలోమీటర్ల వేగం అందుకోవటం వాళ్ల పంతం. కాని కంపెనీలు తయారుచేసే పందెపు బండి కొనే స్తోమతు వాళ్లకు లేదు. ఒక బండి ఇంజనూ, మరో బండి చట్రమూ తెచ్చి కలుపుకున్నారు.

ఆ చట్రాలు ఎక్కణ్ణించి వచ్చాయన్నది ఆసక్తికరమైన సంగతి. బెల్‌ఫాస్టుకు చెందిన మెక్‌కాండ్లెస్ సోదరులు రూపొందించిన "ఫెదర్‌బెడ్" చట్రాన్ని నార్టన్ కంపెనీ 1950లో పందాల్లోకి దించింది. అదే కాలంలో 500 సి.సి. చిన్నకార్ల పందాలు జోరుగా సాగుతున్నాయి. ఆ కార్లవాళ్లకు నార్టన్ ఇంజను కావాలి. కంపెనీ ఇంజను విడిగా అమ్మలేదు. వాళ్లు బండి మొత్తం కొని, ఇంజను ఊడదీసుకుని, మిగిలిన చట్రాన్ని వదిలించుకున్నారు. అట్లా మిగిలిన చట్రాల్లోకి ట్రయంఫ్ ఇంజను ఎక్కించినవాళ్లు తయారుచేసిందే "ట్రైటన్". కలవాడికి అక్కర్లేకపోయిన భాగానికి లేనివాడి చేతిపని తోడై కొత్త వస్తువు పుట్టింది. ఇవాళ ఏ కళాఖండం పేరు చెప్పి పెద్ద ధర అడుగుతున్నారో, దాని మూలం యీ అవసరంలో వుంది.

మన దేశంలో కథ యింకొక దారిన నడిచింది. మద్రాస్ మోటార్స్, ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డు కంపెనీ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పాయి. మద్రాసు శివారు తిరువొత్తియూరులో బుల్లెట్లు తయారయినాయి. 1970 నాటికి ఇంగ్లండులో ఎన్‌ఫీల్డు తయారీ ఆగిపోయింది, ఇక్కడ ఆగలేదు. 1977నుంచి మద్రాసు బుల్లెట్టే ఎగుమతై ఇంగ్లండుకు పోయింది!

ఆ రోజుల్లో మన దగ్గర వాహనాల కొరత ఎంతటిదంటే, 1960లో ప్రభుత్వం స్కూటర్ల పంపిణీమీద నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. కొత్త స్కూటరుకు డబ్బుకట్టి యేళ్ల తరబడి ఎదురుచూడాలి. అంచేత వాడిన స్కూటరు కొత్తదానికన్నా ఎక్కువ ధరకు అమ్ముడుపోయే వింతకూడా జరిగింది. ధర వస్తువులోంచి పుట్టేది కాదనీ, మనుషుల మధ్య సంబంధాల్లోంచి పుట్టేదనీ దీనికన్నా తేలికైన పాఠం వుండదు.

ఈ కొరతే మన మెకానిక్కులకు బడి. 1960లలో వెలిసిన విజయవాడ ఆటోనగర్ మొదట లారీల బాగుకోసం ఏర్పడ్డదే. మద్రాసు-కలకత్తా రోడ్డుమీద పాడయిన బండికి స్పేరు దొరక్కపోతే, దొరికిన ఇనుములోంచి దాన్ని తయారుచెయ్యటమే గతి. లండన్ కుర్రాడు వేగంకోసం నేర్చిన పనిని మనవాడు బండి తిరిగి కదలటంకోసం నేర్చాడు. పాత ఇంజనుకు బోరు కొట్టించటం, ఒక బండి గేరు మరొకదానికి కుదర్చటం యిక్కడ కళ కాదు, రోజువారీ కూలిపని.

ఇక ధర సంగతి. లెక్కకోసం ఒక బండి తీసుకుందాం. పాత బండి కొన్నది 60,000. సామాను 70,000. రంగు, నికెలు పూత 20,000. మూడునెలల పనికి మెకానిక్కుకు 50,000. మొత్తం రెండు లక్షలు. అమ్మేవాడు దీనిమీద తన ముచ్చట విలువకూడా వేసి రెండున్నర లక్షలు చెపుతాడు. కొనేవాడు లక్షాయాభైకి బేరమాడతాడు. తరుగు ఎవరి కష్టంలోంచి పోతుంది? ఇనుము ధర తగ్గదు. రంగు ధర తగ్గదు. అంచేత తర్వాతి బండి చేయించేటప్పుడు యజమాని తగ్గించేది మెకానిక్కు కూలీనే.

ఖర్చయిన శ్రమంతా విలువ కాదనీ, సమాజానికి అవసరమైన మేరకే అది విలువగా లెక్కకు వస్తుందనీ మార్క్స్ చెప్పాడు. ఒకడి అభిరుచికి తగ్గట్టు చేసిన సీటు రెండోవాడికి పనికిరాకపోతే ఆ శ్రమను సంత గుర్తించదు. శ్రమతో తిరిగి తయారుచెయ్యలేని పురాతన వస్తువుల ధర యాదృచ్ఛిక పరిస్థితులను బట్టి నిర్ణయమవుతుందనికూడా ఆయనే "కాపిటల్" మూడో సంపుటంలో అన్నాడు. కేఫ్ రేసర్ యీ రెండు సూత్రాల నడుమ నలుగుతుంది. పాతది కాబట్టి ఆ ధర ఆశిస్తుంది. మార్చింది కాబట్టి ఆ ధర పోగొట్టుకుంటుంది. పాత బండ్లు సేకరించేవాడు ఇంజను నంబరూ చాసిస్ నంబరూ సి-బుక్కుతో సరిపోవాలంటాడు; అసలు టాంకు, అసలు సీటు కావాలంటాడు. అతని దృష్టిలో మెకానిక్కు చెయ్యి పడటమే లోపం.

చట్టంకూడా అతని పక్షమే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా సమర్థించింది. అదే యేడు వచ్చిన సవరణ, అనుమతిలేని ఒక్కొక్క మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరునెలలదాకా జైలు, లేదా రెండూ అన్నది. 2021లో వింటేజి వాహనాలకు వచ్చిన నిబంధనలు యాభై యేళ్లు దాటి, అసలు రూపం చెడని బండినే వింటేజిగా ఒప్పుకుంటాయి. అంటే వింటేజి అయితే కేఫ్ రేసర్ కాదు, కేఫ్ రేసర్ అయితే వింటేజి కాదు! "వింటేజి కేఫ్ రేసర్" అని ధర చెప్పేవాడు చట్టం దృష్టిలో లేని వస్తువును అమ్ముతున్నాడు.

కంపెనీకి మాత్రం యీ చిక్కు లేదు. ఎన్‌ఫీల్డు కంపెనీ 1964లో ఇంగ్లండులో కాంటినెంటల్ జి.టి. పేరుతో యీ రూపాన్నే అమ్మింది. అదే పేరుతో 2013లో మన దేశంలోనూ అమ్మింది. కార్మిక కుర్రాళ్లు కల్పించుకున్న ఆకారం షోరూములో కొంటే సక్రమం, షెడ్డులో చేయిస్తే నేరం.

ఇక్కడ తొందరపడకూడదు. నాసి వెల్డింగు ప్రాణాలు తీస్తుంది. తనిఖీ వద్దనటం అభ్యుదయం కాదు. కాని తనిఖీ వేరు, నిషేధం వేరు. బ్రిటన్‌లో ఒక్కటిగా తయారైన మోటారు సైకిలును విడిగా పరీక్షించి ఆమోదించే విధానం వుంది. మన దగ్గర చిన్న షెడ్డుకు అందుబాటులో వుండే అటువంటి దారి వుంటే, పనివాడి నైపుణ్యం దొంగచాటు సరుకు కాకుండా వుంటుంది.

మంగళగిరివాళ్లకు యీ న్యాయం కొత్త కాదు. గుంటమగ్గం మీద నేసిన నిజాం అంచు చీర పట్నం దుకాణంలో ఎంతకు అమ్మినా, నేతగానికి ముట్టేది ముందే ఖరారైన మజూరీ. అయినా ఆ చీరకు ఊరి పేరన్నా మిగిలింది. భౌగోళిక గుర్తింపుకూడా వచ్చింది. బండికి అదీ లేదు. దానిమీద వుండేది కంపెనీ పేరు, పుస్తకంలో వుండేది యజమాని పేరు. టాంకు సాగగొట్టినవాడి పేరు ఎక్కడా లేదు.

కాబట్టి ధర ఎంతన్న ప్రశ్నకు ఒక్క అంకె జవాబు కాదు. అమ్మేవాడు మూడు లెక్కలు విడివిడిగా కాగితంమీద పెట్టాలి: కాగితాలతోసహా పాత బండి ఖరీదు, సామాను ఖరీదు, పనివాళ్ల పేర్లతో వాళ్ల కూలి. చేసిన ప్రతి మార్పూ, దానికి అనుమతి వున్నదీ లేనిదీ చెప్పాలి. బేరం ఎక్కడ తెగినా, ఎవరి వాటా కోసుకుపోయిందో అప్పుడు కళ్లకు కనిపిస్తుంది. కనిపించనంతవరకు ఆ కోతను మార్కెట్టు ధర్మమంటూ వుంటాం. కనిపించాక కూలిరేటు గురించి మాట్లాడక తప్పదు.