మెతుకు పరీక్ష: ఒక శాస్త్రజ్ఞుని పరిశోధన చరిత్ర

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకులన్నియు పట్టి చూడనక్కరలేదు. ఒక్క మెతుకు చాలునని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాటలో ఒక నియమము దాగి యున్నది. ఆ మెతుకు ఆ కుండలోనిదే కావలెను. పట్టి చూచిన పిదప ఎవ్వరును అందులో పచ్చిబియ్యము పోయకుండవలెను. ఈ నియమము ఎంత బలమైనదో శ్రీ మతుకుమల్లి విద్యాసాగర్ పరిశోధన చరిత్ర వలన తెలియును.

గురజాల, మాచర్ల, నరసరావుపేట ప్రాంతములు 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లాగా వేరుపడువరకు గుంటూరు జిల్లాలోనివే. ఆ గుంటూరులో 1947లో జన్మించిన విద్యాసాగర్ గురజాల వారికి పరాయివారు కారు. వారి తండ్రి వెంకట సుబ్బారావుగారు సంఖ్యా సిద్ధాంతమున పేరుగన్న పండితులు. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమున ఆచార్యులు. కుమారుడు అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున 1969లో డాక్టరేటు పొంది, నియంత్రణ శాస్త్రమును చేపట్టినారు. 1989లో బెంగుళూరులోని కృత్రిమ మేధా కేంద్రమునకు డైరెక్టరైనారు. 2012లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వము లభించినది.

నియంత్రణ శాస్త్రమనగా నేమి? సాగర్ కుడికాలువ క్రింద సేద్యము చేయు పల్నాటి రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. నీటిమట్టము పెరిగిన తలుపు దించుట, తగ్గిన ఎత్తుట: ఫలితమును చూచి చర్యను దిద్దుకొనుటయే దాని సారము. విమానమునందు ఈ పనిని యంత్రము చేయును. కాని గాలి, బరువు, వేగము క్షణక్షణము మారుచుండగా, ఆ యంత్రము అన్ని పరిస్థితులలోను సరిగా నడచునని నిర్ధారించుట ఎట్లు? కంప్యూటరు ప్రోగ్రాములను సరిచూచువారికిని ఇదే చిక్కు. సాధ్యమైన సందర్భములు లెక్కకు మించినవి.

విద్యాసాగర్ చూపిన మార్గము మెతుకు పరీక్షయే. యాదృచ్ఛికముగా కొన్ని సందర్భములను ఎన్నుకొని పరీక్షింపవలెను. ఎంత నమ్మకమునకు ఎన్ని పరీక్షలు చాలునో గణితము చెప్పును. యంత్రములు అనుభవము నుండి నేర్చుకొను తీరును గూర్చి వారు 1997లో వెలువరించిన గ్రంథము ఈ ఆలోచనకు పునాది వేసినది.

2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగము నియమించిన సంఘమునకు, హైదరాబాదు ఐ.ఐ.టి. ఆచార్యులుగా నున్న విద్యాసాగర్ అధ్యక్షులైనారు. కాన్పూరు ఐ.ఐ.టి.కి చెందిన కంప్యూటరు శాస్త్రజ్ఞుడు మణీంద్ర అగ్రవాల్, సైనిక వైద్యురాలు మాధురి కనిత్కర్ వారితో కలిసి 'సూత్ర' నమూనాను రూపొందించినారు. జనులను నాలుగు వర్గములు చేసినారు: వ్యాధి సోకదగినవారు, సోకియు బయటపడనివారు, పరీక్షలో తేలినవారు, వ్యాధి నుండి తొలగినవారు. జాగ్రత్తలు కొనసాగినచో 2021 ఫిబ్రవరి నాటికి వ్యాధి చాలవరకు అణగునని 2020 అక్టోబరులో తెలిపినారు. ఫిబ్రవరిలో అట్లే కేసులు బాగుగా తగ్గినవి.

పిమ్మట రెండవ ఉప్పెన వచ్చినది. అది ఏప్రిల్ మూడవ వారమున, రోజునకు సుమారు లక్ష కేసుల వద్ద శిఖరమును చేరునని నమూనా సూచించినది. మే 6న ఆ సంఖ్య నాలుగు లక్షలు దాటినది. ఈ వ్యత్యాసము కాగితము మీది అంకెలతో పోవునది కాదు. పడక కొరకు, ప్రాణవాయువు కొరకు ఆసుపత్రుల చుట్టు తిరిగిన కుటుంబములకు అది ప్రాణములతో పని.

అంచనా తప్పినదని ఆ ముగ్గురును బహిరంగముగనే ఒప్పుకొన్నారు. వైరసు స్వభావమే మారినదని కారణము చెప్పినారు. కుండలో పచ్చిబియ్యము పడినది! అగ్రవాల్ తన శిష్యులిద్దరితో 2002లో ప్రధాన సంఖ్యలను గుర్తించు పద్ధతిని కనుగొన్నారు. ఒకసారి ప్రధానమని తేలిన సంఖ్య ఎన్నటికిని ప్రధానమే. వ్యాధి అట్టిది కాదు. క్రిమియు మారును, మనుష్యుల నడవడియు మారును.

అట్లని గణితమును త్రోసిపుచ్చరాదు. నీటిమట్టమును మరల మరల చూడక తలుపు నెత్తువాడు కాలువను గట్టు తెంచును. అంచనాయును అంతే: దానిని ఏ షరతులపై చెప్పిరో అడుగవలెను, ఆ షరతులు నేటికిని నిలిచియున్నవో లేదో దినదినము చూచుకొనవలెను. నియంత్రణ శాస్త్రము మొదట నేర్పు పాఠము ఇదియే. 2021లో దేశము మిక్కిలి మూల్యము చెల్లించి నేర్చుకొన్న పాఠమును ఇదియే.