రాదు కాదు... ఇంకా రాలేదు

పోయిన నెల యూనిట్ టెస్టు పేపరు నా చేతిలో పెట్టి, "అమ్మా, నాకు లెక్కలు రావు. అంతే!" అని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది మా అమ్మాయి. ఎనిమిదో తరగతి. నాకు గుండె కలుక్కుమంది. పదో తరగతిలో నేనూ అచ్చం ఆ మాటే అన్నాను. ఇంట్లో ఎవరూ కాదనలేదు. బి.ఏ. తెలుగులో చేరాను. తెలుగు మీద నా ఇష్టం నిజమే కానీ, ఆ "రావు" మాత్రం పాతికేళ్లుగా నాతోనే ఉండిపోయింది.

రాత్రి భోజనాలయ్యాక మెల్లగా కదిపాను. "వికటకవి అనే మాట ఎటు నుంచి చదివినా ఒకటే కదా! అలాంటి సంఖ్యలు చేద్దామా?" అన్నాను.

ఆట చాలా తేలిక. ఒక సంఖ్య తీసుకుని, దాన్ని తిరగేసి, రెండూ కూడాలి. 56కి 65 కలిపితే 121. ఒక్కసారికే వచ్చేసింది. రాకపోతే వచ్చినదాన్ని మళ్లీ తిరగేసి కూడాలి. 59కి మూడుసార్లు పట్టింది: 154, 605, 1111. రెండంకెల సంఖ్యలన్నీ ఎప్పటికో అప్పటికి ఇలా కుదురుతాయి. అన్నిటికంటే మొండివి 89, దాని తిరగేత 98. వాటికి 24 సార్లు కూడాలి. పాల లెక్క పుస్తకం వెనక పేజీల్లో ఇద్దరం 89తో కూర్చున్నాం. ఒకచోట చేతిలో మిగిలిన ఒకటి కలపడం మరిచిపోయాను. పట్టుకున్నది మా అమ్మాయే! చివరికి 8813200023188 వచ్చింది.

"అన్నీ ఇలాగే వస్తాయా అమ్మా?"

అసలు కథ అక్కడే ఉంది. 196 తీసుకోండి. 887, 1675, 7436, 13783... పెరుగుతూ పోతుందే తప్ప, ఎటు చదివినా ఒకటయ్యే సంఖ్య ఇంతవరకూ రాలేదు.

అమెరికాలో జాన్ వాకర్ అనే ప్రోగ్రామర్, ఆటోకాడ్ తయారుచేసిన ఆటోడెస్క్ కంపెనీ పెట్టినవారిలో ఒకాయన, 1987 ఆగస్టు 12న ఈ కూడికను తన కంప్యూటరుకి అప్పగించాడు. మిగతా పనులన్నీ అయ్యాక ఖాళీ దొరికితేనే ఇది చెయ్యాలి. మనం పొయ్యి మీద పప్పు ఉడికేలోపు బట్టలు మడతపెట్టుకున్నట్టన్నమాట. 1990 మే 24న, 24,15,836 కూడికల తర్వాత, సంఖ్య పది లక్షల అంకెలకి చేరింది. జవాబు రాలేదు. అక్కడితో ఆపేశాడు.

ఇంకొకరు అందుకున్నారు. 1995లో టిమ్ ఇర్విన్ 20 లక్షల అంకెల దాకా వెళ్లాడు. 2006లో వేడ్ వాన్‌లాండింగ్‌హామ్ 30 కోట్లకి చేరాడు. ఇలాంటి మొండి సంఖ్యలకి "లైక్రెల్" అని పేరు పెట్టింది ఈయనే. తన స్నేహితురాలి పేరులోని అక్షరాలు అటూ ఇటూ మార్చి ఆ పేరు కట్టాడట! 2015లో రోమైన్ డోల్బో వంద కోట్ల అంకెలు దాటించాడు. అప్పుడూ రాలేదు.

"అయితే రాదన్నమాట" అంది మా అమ్మాయి.

కాదు! వంద కోట్ల అంకెల దాకా చూసినా "రాదు" అనే హక్కు ఎవరికీ లేదు. ఆ మాట అనాలంటే నిరూపణ కావాలి. కంప్యూటర్లు వాడే సున్నా-ఒకటి లెక్కలో అలాంటి నిరూపణ ఉంది. అందులో 22ని 10110 అని రాస్తారు. నాలుగుసార్లు తిరగేసి కూడితే 10110100 వస్తుంది. అక్కణ్ణుంచి నాలుగేసి మెట్లకోసారి అదే అమరిక కాస్త సాగి మళ్లీ కనిపిస్తుంది. కాబట్టి అక్కడ ఎప్పటికీ రాదని ఖాయంగా చెప్పగలిగారు. మన పది అంకెల లెక్కలో 196కి మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. అందుకే అంత చదువుకున్నవాళ్లూ "ఇంకా రాలేదు" అనే అంటారు.

ఒక్క యూనిట్ టెస్టు చూసి మా అమ్మాయి "రావు" అనేసింది. నేనైతే ఆ మాటతో పాతికేళ్లు గడిపేశాను. నిరూపణ ఎవరడిగారు? ఎవరిచ్చారు?

ఆ పేపర్లో తప్పుపోయిన లెక్కలు ఏడు. రోజూ రాత్రి ఇద్దరం కూర్చుంటున్నాం. ఇప్పటికి మూడు వచ్చాయి. నాలుగు ఇంకా రాలేదు.

మీరూ ఓ సాయంత్రం పిల్లలతో 89 చేసి చూడండి. చేతిలో మిగిలిన ఒకటి మాత్రం మరిచిపోకండేం!