తుంగగడ్డ

మా మామ్మ చుట్ట కాలిస్తే నిప్పు కనబడేది కాదు. వెలిగించిన కొసని నోట్లోకి పెట్టుకునేది. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో దీన్ని అడ్డపొగ అంటారు. తల్లిని చూసి కూతురు నేర్చుకున్న అలవాటు.

ఆ వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికే. మిగతా ప్రపంచంలో అంగిలి క్యాన్సర్ అరుదు, మా వైపు కాదు. ఖనోల్కర్, సూర్యాబాయి ఈ సంగతి 1945లోనే రాశారు. తర్వాత డెన్మార్క్‌కి చెందిన పింద్‌బోర్గ్, బొంబాయి నుంచి ఫాలీ మెహతా, వాళ్ల బృందం కలిసి ఇక్కడి పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించారు. అప్పటికింకా విజయనగరం జిల్లాయే లేదు, 1979లో వచ్చింది.

మామ్మ అంగిలి మీది పుండు కోసి తీసేశారు. "మొత్తం తీసీసారు, ఇంక బెంగ లేదు" అంది. ఏడాది తిరక్కుండా మెడలో గడ్డ లేచింది.

మొత్తం తీసేస్తే మళ్లీ ఎక్కణ్ణుంచి వచ్చింది?

క్యాన్సర్ కణాలు విత్తనాల్లాంటివని, సరైన నేల దొరికిన చోటే మొలుస్తాయని లండన్ సర్జన్ స్టీఫెన్ పాజెట్ 1889లో అన్నాడు. అయితే అన్ని కణాలూ విత్తనాలేనా? కాదేమోనని 1997లో టొరంటోలో జాన్ డిక్ బృందం రక్త క్యాన్సర్‌లో చూపించింది. 2003లో రొమ్ము క్యాన్సర్‌లో, 2007లో తల, మెడ క్యాన్సర్లలో అలాంటివే కనిపించాయి. గడ్డలో కొద్దిపాటి కణాలకే ఎలుకల్లో కొత్త గడ్డని పుట్టించే శక్తి ఉంది. వీటినే క్యాన్సర్ మూలకణాలు అంటున్నారు. ఇవి మందుకీ రేడియేషన్‌కీ మిగతావాటికన్నా ఎక్కువగా తట్టుకుంటాయనీ, ఒంట్లో వేరే చోటికి పాకి మళ్లీ మొదలెడతాయనీ చాలామంది పరిశోధకుల ఆలోచన. మామూలు క్యాన్సర్ కణం కూడా ఒక్కోసారి మూలకణంలా మారగలదు కాబట్టి వాదన ఇంకా తెగలేదు.

మామ్మకైతే ఒక్క మాటలో చెప్పొచ్చు: తుంగ. పైన ఎంత పీకినా నేలలో గడ్డ మిగిలితే మళ్లీ లేస్తుంది.

అసలు గడ్డ పడకుండా చూసే దారి మాత్రం మూలకణాల సంగతి తెలియకముందే మా ఊళ్లకొచ్చింది. మూడు ప్రాంతాల్లో 36 వేల పైచిలుకు పొగాకు వాడేవాళ్లకి నచ్చజెప్పి చూశారు, అందులో శ్రీకాకుళం ఒకటి. చెప్పించుకున్నవాళ్లలో అలవాటు మానినవాళ్లు ఎక్కువని 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చింది.

మామ్మకి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనే. సంత నుంచి ఆవిడకి చుట్టల కట్ట తెచ్చిచ్చిందీ నేనే.