పాత కప్పు మీద కొత్త కప్పు: అమెరికా తారు షింగిళ్ల చరిత్ర

ఉత్తర అమెరికాలో విడివిడిగా కట్టుకున్న ఇళ్లలో అత్యధిక భాగం నేడు తారు షింగిళ్ల కిందనే ఉన్నాయి. తారు పట్టించిన అట్టపైనో గాజునార చాపపైనో రాతి రవ్వను అద్ది, పలకలుగా కోసి, పై వరుస అంచు కింది వరుసను కప్పేలా మేకులతో దిగ్గొట్టే పెంకునే షింగిల్ అంటారు. ఈ పెంకు ఏ గొప్ప వాస్తు సంప్రదాయం నుంచీ రాలేదు. చవకగా, త్వరగా, వీలైతే పాత కప్పును కదపకుండానే ఇల్లు కప్పుకోవాలన్న అవసరం నుంచి పుట్టింది. కప్పు మార్పించే గృహస్థులు నేటికీ చేసే పొరపాట్లలో చాలా భాగం ఆ పుట్టుకలోనే ఉన్నాయి.

సిన్సినాటి నగరంలో వారెన్ సోదరులు 1847లో బొగ్గు గ్యాసు తయారీలో మిగిలే తారును కాగితానికి పట్టించి, దానిపై గులకరాళ్లు చల్లి, వాలు తక్కువగా ఉండే నగర భవనాలకు కప్పులు వేయడం మొదలుపెట్టారు. 19వ శతాబ్దం ముగిసేసరికి చుట్టలుగా అమ్మే తారు కప్పులు బజారులోకి వచ్చాయి. 1897 ప్రాంతంలో వాటిపై పలకరాతి రవ్వను అద్దడం ఆరంభమైంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తారును పెళుసుబారుస్తాయి కనుక ఈ రవ్వ రంగు కోసం వేసిన అలంకారం కాదు, తారుకు కాపు. మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌లో కప్పుల గుత్తేదారుగా ఉన్న హెన్రీ రేనాల్డ్స్ 1903లో ఆ చుట్టలను విడి పలకలుగా కోసి వాడాడని చరిత్రకారులు చెబుతారు. 1939 నాటికి దేశంలో కోటీ పది లక్షల స్క్వేర్ల షింగిళ్లు తయారవుతున్నాయి. స్క్వేర్ అంటే 100 చదరపు అడుగుల కప్పు, ఇప్పటికీ గుత్తేదారులు ధర చెప్పేది ఈ లెక్కలోనే.

ఈ విస్తరణకు ఇంధనం నిప్పు. అప్పటి అమెరికా ఇళ్లకు దేవదారు జాతి చెక్క పెంకులే ప్రధానమైన కప్పు కాగా, ఎండిన చెక్క పెంకు నుంచి లేచిన నిప్పురవ్వ గాలికి ఎగిరి వీధులు దాటి మరో ఇంటిని అంటించేది. 1923 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కొద్ది గంటల్లోనే సుమారు 600 భవనాలు అలా బూడిదయ్యాయి. అగ్ని బీమా సంస్థల సంఘమైన నేషనల్ బోర్డ్ ఆఫ్ ఫైర్ అండర్‌రైటర్స్ చెక్క కప్పులను తొలగించాలని సాగించిన ప్రచారం తారు షింగిళ్ల వ్యాపారానికి ఊతమిచ్చింది.

అయితే కాలిపోయే కప్పును పీకి పారేయండని తయారీదారులు చెప్పలేదు. దానిమీదే కొత్తది వేసుకోవచ్చని, ఇంట్లో చెత్త పడదని, ఖర్చు కలిసివస్తుందని పత్రికా ప్రకటనల్లో ఊదరగొట్టారు. ఇక్కడొక సాంకేతికమైన మెలిక ఉంది. చెక్క పెంకులు కింది నుంచి గాలి తగిలితేనే ఆరుతాయి కాబట్టి వాటిని ఎడం ఎడంగా కొట్టిన బద్దలపై పరిచేవారు. తారు షింగిల్‌కు మాత్రం సందు లేని చదునైన పలకల తలం, అంటే డెక్ కావాలి. చెక్క పెంకుల పొరే ఆ తలంగా పనిచేసినన్నాళ్లూ ఎవరికీ ఏ ఇబ్బందీ తెలియలేదు. రెండు మూడు తరాల తర్వాత వారసులో కొనుగోలుదారులో కప్పు పీకించినప్పుడు కింద డెక్ లేదన్న సంగతి బయటపడి, మొదట ఒప్పుకున్న ధర అమాంతం పెరిగిపోతుంది. పాత ఇల్లు ఉన్నవారు పని మొదలయ్యే ముందే అటకలోంచి కప్పు అడుగుభాగాన్ని చూడాలని, కుళ్లిన పలకలు మార్చడానికి షీటుకింత అని ధరను ఒప్పందంలోనే రాయించుకోవాలని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం ఇదే. పొరమీద పొర వేసే అలవాటుకు నేటి నివాస భవన నియమావళి కూడా హద్దు పెట్టింది. ఇప్పటికే రెండు పొరలున్న కప్పుపై మూడోది వేయరాదు. రెండోది చట్టసమ్మతమే అయినా తెలివైన పని అనలేం. అది కింద కుళ్లిన చెక్కను దాచిపెడుతుంది, వేడిని పట్టి ఉంచుతుంది, మరోసారి పీకేటప్పుడు కూలిని, చెత్త రవాణా ఖర్చును పెంచుతుంది.

షింగిల్ గుండెకాయ కూడా మారుతూ వచ్చింది. మొదట్లో నూలు గుడ్డపీలికల గుజ్జుతో చేసిన అట్టను వాడేవారు. 1920లలో గుడ్డపీలికల ధర పెరగడంతో చెక్క గుజ్జు, జనపనార వంటివి చేరాయి. 1960లో వచ్చిన గాజునార చాప మొదట గాలికి, ముఖ్యంగా గడ్డకట్టే చలిలో, నిలవలేకపోయినా క్రమంగా మెరుగుపడి అట్టను పూర్తిగా పక్కకు నెట్టింది. ఎండ వేడికి కరిగి పై పలకను కింది పలకకు అతికించే జిగురు పట్టీ 1950లలో రావడం గాలి సమస్యకు పెద్ద పరిష్కారమైంది. చలికాలంలో వేసిన కప్పు వసంతం దాకా సరిగా అతుక్కోకపోవచ్చని తెలియని యజమానులు చాలామందే ఉంటారు.

జిగురు వచ్చాక మేకు మీద శ్రద్ధ తగ్గిందేమో అనిపిస్తుంది. గాలి ఒత్తిడితో పనిచేసే తుపాకులతో స్టేపుల్స్ కొట్టడం వేగంగా సాగేది కనుక గుత్తేదారులు వాటిని ఇష్టపడ్డారు. నాలుగు మేకులకు బదులు ఆరు స్టేపుల్స్ కొడితే అంతే బాగా నిలుస్తాయని 1950ల పరీక్షలు చూపినా, వాటిని కొట్టే తీరులో శ్రద్ధ కొరవడింది. 1992 ఆగస్టు 24న దక్షిణ ఫ్లోరిడాను తాకిన ఆండ్రూ తుపాను ఆ నిర్లక్ష్యాన్ని బయటపెట్టింది. వంకరగా, తప్పు చోట కొట్టిన స్టేపుల్స్‌తో నిలిచిన షింగిళ్లు లేచిపోగా, వాన నేరుగా ఇళ్లలోకి దిగింది. ఆ తర్వాత అక్కడి నిబంధనలు కఠినమయ్యాయి. మూడడుగుల షింగిల్‌కు మామూలుగా నాలుగు, గాలి ఉధృతంగా వీచే ప్రాంతాల్లో ఆరు మేకులు కొట్టాలి. అవి పలకపై సూచించిన పట్టీలోనే, తల లోపలికి కూరుకుపోకుండా పడాలి. కప్పు పూర్తయ్యాక ఒక్క మేకూ పైకి కనిపించదు కాబట్టి పని నడుస్తుండగా చూడనివారికి తర్వాత చూసే అవకాశమే ఉండదు.

అటకకు గాలి ఆడే ఏర్పాటుది మరో కథ. మినెసోటా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ రౌలీ 1930లలో ఆవిరి చెమ్మపై చేసిన పరిశోధనల వెనువెంట, ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ 1942లో అటక నేల వైశాల్యంలో 300వ వంతు మేర గాలి రంధ్రాలు ఉండాలని నిర్దేశించింది. చెమ్మ కోసం పుట్టిన ఆ లెక్కే తర్వాత షింగిల్ ఆయుష్షుకు కొలబద్దగా మారి తయారీదారుల వారంటీల్లోకి ఎక్కింది. కప్పు వెన్ను పొడవునా కొత్త గాలిసందు కోయించి, చూరు కింద గాలి వచ్చే దారిని ఉష్ణనిరోధక దూదితో మూసేసే పొరపాటు నేటికీ సర్వసాధారణం. లోపలికి దారి లేని గాలి బయటికి ఎక్కడినుంచి వస్తుంది?

నీరు మాత్రం నడిమధ్య కాకుండా అంచుల దగ్గరే చొరబడుతుంది. షింగిల్ నీటిని జారవిడుస్తుందే గాని నిలిచిన నీటిని ఆపలేదు. ఉత్తర రాష్ట్రాల్లో ఇంటి వేడికి కరిగిన మంచు చల్లని చూరు దగ్గర మళ్లీ గడ్డకట్టి కట్టలా అడ్డుపడితే, దాని వెనక చేరిన నీరు షింగిళ్ల కిందికి ఎగబాకుతుంది. అందుకే చలి ప్రాంతాల నిబంధనలు చూరు నుంచి మొదలుపెట్టి బయటి గోడ గీతకు 24 అంగుళాలు లోపలిదాకా తనంతట తాను అతుక్కునే పొరను కోరతాయి. పొగగూడు, పక్కగోడ కలిసేచోట వరుస వరుసకూ మడిచి పెట్టే లోహపు రేకులను ఫ్లాషింగ్ అంటారు. పాత రేకులనే ఉంచి సందుల్లో తారు మెత్తించి ఖర్చు తగ్గించుకున్న ఇళ్లలో, షింగిళ్లు కొత్తగానే ఉండగా గోడ తడుస్తుంది.

గృహస్థు తొందరను సొమ్ము చేసుకునే వ్యాపారం వడగళ్ల ప్రాంతాల్లో బలపడింది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన డాలస్ శివార్లలో వడగళ్లు పడిన మర్నాడే గుత్తేదారుల మనుషులు తలుపు తట్టి, బీమా పరిహారంలో యజమాని భరించాల్సిన వాటాను, అంటే డిడక్టిబుల్‌ను, తామే సర్దుతామని ఆశచూపడం తెలిసిన సంగతే. ఆ వాటా ఎక్కడో ఒకచోట మేకుల్లోంచో రేకుల్లోంచో తిరిగి వసూలవుతుందని గ్రహించేవారు తక్కువ. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలైన టెక్సస్ చట్టం ఆ వాటాను మాఫీ చేయడాన్ని నేరంగా పరిగణిస్తుంది. యజమాని దాన్ని నిజంగా చెల్లించినట్టు రుజువు అడిగి, అది అందాకే మిగిలిన పరిహారం విడుదల చేసే హక్కును బీమా సంస్థకు ఇస్తుంది.