డాక్టర్ దాట్ల సత్యనారాయణ రాజు – కాకినాడ బోధనాసుపత్రి

రామచంద్రపురం చుట్టుపట్ల ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే నేటికీ వినిపించే మాట "కాకినాడ తీసుకుపోండి" అన్నదే. అక్కడి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి బోధనాసుపత్రి కావడానికి కారకులలో ముఖ్యులైన డాక్టర్ దాట్ల సత్యనారాయణ రాజు గారి పేరు ఈ తరంలో ఎందరికి తెలుసు?

వారిది పశ్చిమ గోదావరి పోడూరు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆజాద్ హింద్ ఫౌజులో వైద్యాధికారిగా, నేతాజీకి ఆంతరంగిక వైద్యులుగా ఉన్నారు. 1944 నాటి ఇంఫాల్ దండయాత్రలో ఆ సైనికులను తూటాలకు దీటుగా మలేరియా, విరేచనాలు, ఆకలి బలిగొన్నాయి. వైద్యునికి అంతకంటె కఠినమైన పాఠశాల ఉండదని నా అభిప్రాయం.

1957లోను, 1962లోను రాజమండ్రి నుండి లోక్‌సభకు ఎన్నికై, కేంద్రంలో ఉపమంత్రిగా కూడా పనిచేశారు. పదవుల మాట అటుంచుదాం. 1958లో కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల వెలసినప్పుడు దాని స్థాపకులలో వారు ప్రముఖులు. అంతకు మునుపు గోదావరి పిల్లలు వైద్యవిద్యకు విశాఖపట్నమో, గుంటూరో పోవలసి వచ్చేది.

కళాశాల వలన వచ్చేవి పట్టాలు మాత్రమే కావు. వరిచేలో పాము కరచినవానికి, పురుగుమందు తాగినవానికి మొదటి గంటలే కీలకం. బోధనాసుపత్రిలో అర్ధరాత్రి సైతం హౌస్ సర్జన్ మేలుకొని ఉంటాడు. కనురెప్పలు వాలుతున్నవా, కనుపాప సూదిమొనంత అయినదా, ఊపిరి అందుతున్నదా అని గమనించడం మంచం ప్రక్కనే నేర్చుకుంటాడు. అట్రోపిన్ మోతాదును ఛాతీలో స్రావాలు ఆరడాన్ని బట్టి నిర్ణయించాలన్నది అక్కడే ఒంటబడుతుంది.

కనుక పాము కరిస్తే గట్టిగా కట్లు బిగించి, గాట్లు పెట్టి, మంత్రగాని వాకిట ప్రొద్దుపుచ్చకండి. కరచిన కాలో చెయ్యో కదలనీయక, వెంటనే ఆసుపత్రికి తరలించండి.