శిశువిద్యలో ఉపాధ్యాయ శిక్షణ: భావనగర్ నుంచి అంగన్‌వాడీ దాకా

పసిపిల్లల పెంపకం స్త్రీలకు సహజంగా అబ్బేదేనని, దానికి ప్రత్యేకించి చదువు అక్కర్లేదని నమ్మిన సమాజంలో, ఆరేళ్లలోపు పిల్లలకు నేర్పడం, అంటే పూర్వ ప్రాథమిక విద్య, కూడా శిక్షణ పొంది చేయవలసిన వృత్తేనన్న భావన భారతదేశంలో నెమ్మదిగా రూపుదిద్దుకుంది. న్యాయవాద వృత్తిని వదులుకున్న గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో దక్షిణామూర్తి బాలమందిరాన్ని, 1925లో ఉపాధ్యాయులను తయారుచేసే అధ్యాపన మందిరాన్ని స్థాపించి, పిల్లలు ఉపకరణాలను తామే ఎంచుకొని చేతులతో పనిచేస్తూ నేర్చుకొనే మాంటిస్సోరి పద్ధతికి మన కథలను, ఆటపాటలను జోడించారు. ఆయన సహోద్యోగి తారాబాయి మోదక్‌తో కలిసి 1926లో నెలకొల్పిన నూతన బాల శిక్షణ సంఘం ఈ భావాలను గుజరాత్, మహారాష్ట్ర ప్రాంతాలలో వ్యాప్తి చేసింది.

1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై, ఆ పద్ధతిని రూపొందించిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి స్వయంగా మద్రాసులోని అడయారుకు వచ్చి, సుమారు 300 మందికి శిక్షణ ప్రారంభించారు. ఇటలీ రెండో ప్రపంచ యుద్ధంలోకి బ్రిటన్‌కు వ్యతిరేకంగా దిగడంతో ఆంక్షలకు లోనైన ఆమె 1946 వరకు భారతదేశంలోనే ఉండిపోవలసి రావడం వల్ల, కొద్ది నెలలకని తలపెట్టిన శిక్షణ ఏళ్ల తరబడి కొనసాగి, దేశంలో ఒక తరం ఉపాధ్యాయులను తయారుచేసింది.

అయితే ఖరీదైన ఉపకరణాలు అవసరమయ్యే ఆ పద్ధతి ఎక్కువగా పట్టణాల్లోని సంపన్న కుటుంబాలకే పరిమితమైంది. ఈ హద్దును దాటడానికి తారాబాయి 1945లో పడమటి తీరంలోని బోర్డీ గ్రామానికి తరలివెళ్లి, ఉపాధ్యాయిని అనుతాయి వాఘ్ తోడ్పాటుతో, బడికి రాలేని పేద పిల్లల వాడలకే బడిని తీసుకువెళ్లారు; గవ్వలు, గింజలు, రాళ్లు అక్కడ బోధనోపకరణాలయ్యాయి. ముంగిట్లో నడిచిన ఈ బడే అంగన్‌వాడీ అన్న ఆలోచనకు మూలం. 1957 తరువాత ఆ కృషి దగ్గరలోని కోస్బాడ్ కొండపై ఆదివాసీ పిల్లల నడుమ సాగింది.

1960వ దశకంలో గ్రామీణ యువతులకు పసిపిల్లల బడులు నడిపే బాలసేవికలుగా శిక్షణ మొదలు కాగా, 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అంగన్‌వాడీ కార్యకర్తను సృష్టించింది. ఆటపాటల చదువుతోపాటు పోషకాహారం పంపిణీ, పిల్లల బరువు తూచడం, టీకాలకు సహకారం, రికార్డుల నిర్వహణ ఆమె విధుల్లో చేరడంతో, నేర్వవలసినవి పెరిగినా శిశువిద్యకు దక్కిన శిక్షణ కాలం కుంచించుకుపోయింది. ఈ లోటును పూరించడానికే 2020 జాతీయ విద్యా విధానం ఇంటర్మీడియట్ చదివిన కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సును, మిగిలినవారికి ఏడాది డిప్లొమాను ప్రతిపాదించింది.

ఇంత నైపుణ్యం ఆశిస్తున్న పనికి నేటికీ జీతం కాక గౌరవ వేతనమే చెల్లించడం, ఇది స్త్రీలకు సహజంగా వచ్చే సేవే అన్న పాత నమ్మకానికి కొనసాగింపు. శిక్షణ కాలాన్ని పెంచడంతోపాటు ఆ శిక్షణకు తగిన ఉద్యోగ హోదాను, జీతాన్ని ఇచ్చినప్పుడే శిశువిద్య ఈ దేశంలో పూర్తి అర్థంలో వృత్తి అవుతుంది.