గంపలెత్తిన గోపురం



మా మెండోర నుంచి ఆర్మూరు, నిజామాబాదు, కామారెడ్డి, రామాయంపేటల మీదుగా మెదక్ చేరవచ్చు. ఉద్యోగంలో ఉన్న రోజులలో ఈ దారిన పిల్లలను విహారయాత్రకు ఎన్నోసార్లు తీసుకుపోయినాను. పోయిన ప్రతిసారీ వారిని చర్చి ముందు నిలబెట్టి ఒకే కథ చెప్పేవాడిని. గోపురం చార్మినారును మించిపోతున్నదని నిజాం ప్రభువు కోపించినాడన్నదే ఆ కథ. పిల్లలు నోళ్లు తెరచి వినేవారు.

ఒక ఏడు తొమ్మిదవ తరగతి అమ్మాయి కథ అయిపోయినాక మెల్లగా దగ్గరికి వచ్చి, "సార్, మా నాయనమ్మ చిన్నప్పుడు వాళ్లమ్మతోని ఈడ ఇసుక గంపలు మోసిందట. కూలికి గింజలు ఇచ్చేటోళ్లట. ఆ కథ చెప్పరా?" అని అడిగినది. అప్పుడు నా వద్ద జవాబు లేదు. ఆలస్యంగానైనా ఇప్పుడు వ్రాస్తున్నాను.

చార్లెస్ వాకర్ పోస్నెట్టు అనే వెస్లియన్ మెథడిస్టు మిషనరీ 1895లో సికింద్రాబాదుకు వచ్చి, పిమ్మట మెదక్‌ను తన కార్యక్షేత్రంగా చేసుకున్నాడు. చర్చి నిర్మాణం 1914లో మొదలైనది. అది మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైన సంవత్సరం. ఇక్కడ చూస్తే కరువు. పల్లెలలో పనిలేదు, గాదెలలో గింజలేదు. ఆ స్థితిలో పోస్నెట్టు వేలమందికి పని కల్పించి, కూలిగా తిండి పెట్టించినాడు. పని పదేండ్లు సాగింది. 1924 డిసెంబరు 25న, క్రిస్మసు నాడు, ఆలయాన్ని ప్రతిష్ఠించినారు.

కట్టడం గోథిక్ శైలిలో, సిలువ ఆకారంలో ఉంటుంది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు. లోపల ఒకేసారి అయిదువేలమంది కూర్చోవచ్చు. ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఆంగ్ల చిత్రకారుడు రూపొందించిన రంగుటద్దాల కిటికీలు మూడున్నాయి. క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ మరణం 1958లో అమరినవి. చిన్న చిన్న రంగుటద్దాలను సీసపు పట్టీలతో కూర్చిన ఈ చిత్రాలు బయటి వెలుతురు పడితేనే పలుకుతాయి. పొద్దు క్రుంకితే లోపలినుంచి చూసేవారికి అంతా నలుపే.

1947 సెప్టెంబరు 27న మెథడిస్టులు, ఆంగ్లికనులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినారు. అటుపిమ్మట ఈ చర్చి మెదక్ అధ్యక్ష ఖండానికి పీఠస్థానమైనది. మా నిజామాబాదు పక్కనే డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రిని నెలకొల్పిన డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ ఆ వెస్లియన్ మిషనుకు చెందినవారే. దానికి నిజామాబాదు వాసి నర్సాగౌడుగారు విరాళమిచ్చినారు. అక్కడ గోడలు లేచిన ఏండ్లలోనే ఇక్కడా గోడలు లేచినవి.

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. గింజలు చూపి మతం మార్చినారని ఒకరు, గింజలిచ్చి ప్రాణం నిలిపినారని ఒకరు నేటికీ వాదించుకుంటారు. రెండు వాదాలలోనూ కనిపించేది ఇచ్చిన చేయి మాత్రమే. మోసిన తల ఎక్కడా కనిపించదు. గంప మోసిన తల్లి బిచ్చమెత్తలేదు. పొద్దంతా ఒళ్లు వంచి, సాయంత్రం తన కూలి తాను కొంగున కట్టుకుపోయినది. ఊరు అంటరానివారని దూరముంచిన మాల, మాదిగ కుటుంబాలు ఈ ప్రాంతంలో పెద్దసంఖ్యలో క్రైస్తవం స్వీకరించినవి. ఆనాడు ఊరి గుడి గడప తొక్కనీయనివారికి, ఈ గోపురం నీడ తమదని చెప్పుకొనే హక్కు దక్కినది. నా చార్మినారు కథలో ఒక రాజు, ఒక గోపురం ఉన్నారు గాని ఈ మనుషులు ఒక్కరూ లేరు. పాతికేండ్లకు పైగా ఆ కథనే చరిత్రగా పాఠం చెప్పినందుకు నాకు సిగ్గుగా ఉన్నది.

2024 క్రిస్మసుతో ఆలయానికి నూరేండ్లు నిండినవి. పోస్నెట్టు పేరు, సాలిస్‌బరీ పేరు పుస్తకాలలో దొరుకుతాయి. గంపలు మోసినవారి పేర్లు ఇండ్లలో, ముసలివారి నోళ్లలో మాత్రమే మిగిలినవి. మీ ఇంట అట్టివారుంటే ఈ పండుగకు ఇంటికి పోయినప్పుడు పక్కన కూర్చుని అడగండి. ఒక్క పేరైనా సరే, వ్రాసిపెట్టండి.